స్ప్లెండర్‌లో టాపెట్లు సెట్ చేశాక చప్పుడు పెరిగింది

మీ స్ప్లెండర్‌లో టాపెట్లు (వాల్వు గ్యాప్ సరిచేసే స్క్రూలు) టీ మార్కు (పిస్టన్ పైకి చేరిందని మ్యాగ్నెట్ మీద చూపే గీత) కలిపే సెట్ చేశానన్నారు, అయినా చప్పుడు పెరిగిందంటే పిస్టన్ అప్పుడు కంప్రెషన్‌లో (రెండు వాల్వులూ మూసుకుని ఉండే స్ట్రోక్‌లో) కాదు, ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర ఉండి ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆ మార్కు ప్రతి నాలుగు స్ట్రోకులకూ రెండుసార్లు వస్తుంది. ఎగ్జాస్ట్ చివర రెండు వాల్వులూ కాస్త తెరుచుకునే ఉంటాయి. అక్కడ గ్యాప్ పెడితే, వాల్వు మూసుకున్నాక అది చాలా ఎక్కువైపోతుంది.

1. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపిన బండి పొద్దున్నే తెరవడం మేలు.

2. ప్లగ్ తీసి, ఎడమవైపు మ్యాగ్నెట్ నట్టును గడియారానికి ఎదురు దిశలో తిప్పండి. ఇన్‌లెట్ వాల్వు కిందికి దిగి పైకొచ్చాక వచ్చే టీ మార్కు దగ్గర ఆపండి.

3. రెండు రాకర్లనూ (వాల్వులను నొక్కే చేతులను) వేళ్లతో కదిలించండి. రెండింటిలోనూ కాస్త ఆట ఉండాలి. బిగుసుకుని ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. అందరూ వదిలేసేది ఇదే, నేనూ మొదటిసారి ఇక్కడే దెబ్బతిన్నాను.

4. మీ మోడల్ మాన్యువల్‌లో ఉన్న గ్యాప్‌కి ఫీలర్ గేజ్ (మందం రాసి ఉండే సన్నటి రేకు) టాపెట్ స్క్రూకూ వాల్వుకూ మధ్య పెట్టండి. కాస్త పట్టుకుంటూ జారాలి.

5. స్క్రూ కదలకుండా పట్టుకుని లాక్ నట్ బిగించి, మళ్లీ గేజ్ పెట్టి చూడండి.

చప్పుడు అసలు లేకుండా బిగించొద్దు, వాల్వు కాలిపోతుంది.