తెల్లగా విరిగితే నీళ్లు చూడమ్మా

ప్రశ్న: సార్, ప్రాజెక్టు కోసం వేపాకు కషాయంతో వెండి నానోకణాలు (కంటికి కనిపించనంత సన్నని వెండి రేణువులు) చేస్తున్నాను. గోధుమ రంగు రావాల్సింది పోయి రెండుసార్లూ పాలు విరిగినట్టు తెల్లగా అడుక్కి దిగింది. కషాయం హాస్టల్ బోరు నీళ్లతోనే కాచాను. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకో సందేహం: ఆకుతో చేశాను కాబట్టి పర్యావరణానికి హాని లేదని రాసేయవచ్చా?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, చిత్తూరు

జవాబు: తప్పు వేపాకుది కాదమ్మా, నీళ్లది. బోరు నీళ్లలో ఉండే క్లోరైడ్ తగలగానే, నువ్వు కషాయంలో కలిపే సిల్వర్ నైట్రేట్‌లోని వెండి సిల్వర్ క్లోరైడ్‌గా మారి తెల్లగా దిగిపోతుంది. తిరుపతిలో నేను పాఠాలు చెప్పే రోజుల్లో డిస్టిల్డ్ వాటర్ క్యాన్‌లో ఎవరో బోరు నీళ్లు నింపి పెట్టారు. నాలుగు రోజులు ఆకునే అనుమానించాం. లేతాకు, ముదురాకు, వేరే చెట్టు ఆకు, అన్నీ మార్చాం. చివరికి ఉత్త నీళ్లలో రెండు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేస్తే మబ్బు పట్టినట్టయింది. ముందు నువ్వూ ఆ పరీక్ష చెయ్యి.

ఆకును ఆఖరిసారి డిస్టిల్డ్ వాటర్‌తోనే కడుగు. 10 గ్రాములు 100 మిల్లీలీటర్లలో కాచి, చల్లార్చి, వడగట్టు. లీటరుకు 0.17 గ్రాముల సిల్వర్ నైట్రేట్ చాలు. ఆ ద్రావణం తొమ్మిది వంతులకు కషాయం ఒక వంతు కలుపు. లేత పసుపు మెల్లగా టీ డికాక్షన్ రంగుకు తిరుగుతుంది. ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 400-450 నానోమీటర్ల మధ్య శిఖరం కనిపిస్తుంది. ఆకు ఏ చెట్టుది, ఏ రోజు కోశావు అన్నది నోట్‌బుక్‌లో తప్పకుండా రాసుకో. కాలాన్ని బట్టి, వెండిని కణాలుగా మార్చడానికి తోడ్పడే ఆకులోని పాలీఫినాల్స్ మారతాయి, కణాల సైజూ మారుతుంది.

పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీ వాళ్లు 2004లోనే వేపాకుతో వెండి, బంగారు నానోకణాలు చేశారు. నాకూ ఈ పద్ధతి అంటే ఎంతో ఇష్టం. సోడియం బోరోహైడ్రైడ్, హైడ్రజీన్ లాంటి ఘాటు రసాయనాలు వెండిని కణాలుగా మార్చే పనిని ఆకే చేసిపెడుతుంది, కణాలు ముద్ద కట్టకుండా చుట్టూ పొరగానూ నిలుస్తుంది.

కానీ హాని లేదని మాత్రం రాయకు. ఆకు వాడినా వెండి వెండే. సింకులో పారబోస్తే కాలువ నీళ్లలో చేపలకు, మేలు చేసే సూక్ష్మజీవులకు విషం. మిగిలిన సిల్వర్ నైట్రేట్‌లో చిటికెడు ఉప్పు వెయ్యి. నిన్ను కంగారు పెట్టిన ఆ తెలుపే ఇక్కడ పనికొస్తుంది, వెండి అడుక్కి దిగుతుంది. దాన్ని, వాడేసిన నానో ద్రావణాన్ని వేర్వేరు సీసాల్లో పోసి, ‘వెండి వ్యర్థం’ అని చీటీ అంటించి ల్యాబ్‌లో అప్పగించు. చేతులకు గ్లౌజులు వేసుకో, చర్మం మీద పడితే నల్ల మచ్చలు పడతాయి.

వచ్చే సీజన్‌లో మీ ఊరి తోతాపురి తొక్కలతోనూ చేసి చూడు. అక్కడి పల్ప్ ఫ్యాక్టరీల్లో మామిడి తొక్కకు కొదవ లేదు, దానిలోనూ పాలీఫినాల్స్ ఉన్నాయి.