ముల్లు పెట్టి కూర్చునేలోపే పాట అయిపోతే

ప్రశ్న: మెటాలికా అంటే నాకు ప్రాణం, స్పీడు పాటలు కొత్త కాదు. మొన్న మా రూమ్మేట్ నేపామ్ డెత్ అనే ఇంగ్లండ్ బ్యాండు ఆల్బమ్ ‘స్కమ్’ పెట్టాడు. ఏ పాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ అయిపోయిందో కూడా తెలియలేదు. దీన్ని గొప్ప ఆల్బమ్ అని ఎందుకంటారు?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఫోన్లో విని ఉంటారు. ఫోన్లో 28 పాటలూ ఆగకుండా ముప్పై మూడు నిమిషాల్లో వరదలా వచ్చి వెళ్ళిపోతాయి. అదే రికార్డు అయితే 12 పాటలు అయ్యాక మీరు లేచి, ముల్లు ఎత్తి, ప్లేటు తిప్పి పెట్టాలి. ఆ తిప్పే చోటే అసలు సంగతంతా ఉంది. ఎందుకంటే మొదటి వైపు వాయించింది ఒక బ్యాండు, రెండో వైపు వాయించింది దాదాపు ఇంకో బ్యాండు. రెండు వైపులా ఉన్నది డ్రమ్మర్ మిక్ హారిస్ ఒక్కడే.

మొదటి వైపు 1986 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లోని రిచ్ బిచ్ స్టూడియోలో అయింది, ఖర్చు 50 పౌండ్లు. గిటారు వాయించిన జస్టిన్ బ్రాడ్రిక్‌కి అప్పుడు 17 ఏళ్ళు నిండాయో లేదో! తర్వాత అతనూ, పాడుతూ బేస్ వాయించిన నిక్ బులెన్ కూడా బయటికి వెళ్ళిపోయారు. 1987 మేలో లీ డోరియన్ గొంతుతో, బిల్ స్టీర్ గిటారుతో, జిమ్ వైట్లీ బేస్‌తో రెండో వైపు రికార్డు చేశారు. నాటింగ్‌హామ్‌లో ఇయరేక్ అనే రికార్డు కంపెనీ నడిపే డిగ్బీ పియర్సన్ ఈ రెంటినీ ఒక ప్లేటు మీదకి తెచ్చి అదే ఏడాది విడుదల చేశాడు. ఇది తెలిసి వింటే మొదటి వైపులో ఇంకా పంక్ బరువు, కాలు ఆడించదగ్గ నెమ్మది రిఫ్‌లు (గిటారు మీద మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న ముక్కలు) వినిపిస్తాయి, రెండో వైపుకి వచ్చేసరికి ఆ కాస్త నేల కూడా కాళ్ళ కింద నుంచి లాగేస్తారు. ఒకే మనిషి డ్రమ్స్ వాయిస్తున్నా చుట్టూ ఉన్నవాళ్ళు మారగానే ఎంత తేడా వచ్చిందో చూడండి. పంక్‌నీ మెటల్‌నీ కలిపి విపరీతమైన వేగంతో వాయించే గ్రైండ్‌కోర్ అనే సంగీతం పుట్టడం మనం వినగలిగే రికార్డు ఇది, నాకు అందుకే ఇంత ఇష్టం.

మొదటి వైపు ఆఖరి పాట ‘యు సఫర్’. నిడివి 1.316 సెకన్లు, ప్రపంచంలోకెల్లా చిన్న పాటగా గిన్నిస్‌కెక్కింది. మాటలు నాలుగే, బాధపడుతున్నావు సరే, ఎందుకు అని ఒక ప్రశ్న. చాలామంది దీన్ని నవ్వుకోడానికి వాడుకుంటారు గానీ, ఆ వైపు మొదటి పాట నుంచి వరసగా వినండి. ఆకలితో ఉన్న దేశాలను పీల్చుకు తినే బహుళజాతి కంపెనీల మీద మొదలుపెట్టి, పదకొండు పాటలు అరిచి అరిచి, చివర్లో ఆ ప్రశ్న వేసి ఆపేస్తారు. అక్కడ నాకు నవ్వు రాదు. ఇంకోసారి వినేటప్పుడు సాహిత్యం కాగితం చేతిలో పెట్టుకోండి. అది లేకుండా ఈ సంగీతం సగమే వినబడుతుంది.

ప్రశ్న: డి-బీట్ అంటే ఏమిటి? ‘డి’ అంటే డ్రమ్సా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కాదండీ, ‘డి’ అంటే డిశ్చార్జ్. ఆ బ్యాండు డ్రమ్స్ దరువుకే డి-బీట్ అని పేరు. ఇంగ్లండ్‌లో కుండలకీ పింగాణీకీ పేరుపడ్డ స్టోక్-ఆన్-ట్రెంట్ ఊరి బ్యాండు. వాళ్ళ రికార్డులు వేసిన కంపెనీ పేరు కూడా క్లే, అంటే బంకమట్టే. వాళ్ళ దరువు నోటితో చెప్పాలంటే ‘డుమ్, టక్-డుమ్, డుమ్-టక్’. బల్ల మీద రెండు చేతులతో కొట్టి చూడండి, రెండు నిమిషాల్లో పట్టుబడుతుంది. గ్రైండ్‌కోర్‌లో వాయించే బ్లాస్ట్ బీట్ అనే దరువు మెషీన్‌లా ఏకధాటిగా కొడుతుంది, ఇది మాత్రం పరుగెత్తే గుర్రంలా ఎగిరెగిరి పడుతుంది. 1982లో వచ్చిన వాళ్ళ ‘హియర్ నథింగ్ సీ నథింగ్ సే నథింగ్’తో మొదలుపెట్టండి. బ్రిటన్ గడ్డ మీద అమెరికా క్రూయిజ్ క్షిపణులు పెట్టాలని నిర్ణయమై, ఏ రోజు అణుబాంబు పడుతుందోనని జనం నిజంగానే టెన్షన్ పడ్డ రోజులవి. ఆ భయమే ఆ పాటల్లో ఉంటుంది, చాలా పాటలకి కొద్ది పంక్తులే ఉంటాయి. పై ప్రశ్న అడిగిన మెటాలికా అభిమానికి కూడా ఒక మాట: 1998 నాటి ‘గరాజ్ ఇంక్’లో మెటాలికా వాళ్ళు డిశ్చార్జ్ పాటలు రెండు పాడారు. మీరు ఈ వీధిలోకి ఎప్పుడో వచ్చేశారు.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయి గదిలో పుర్రెలు, శవాల బొమ్మలున్న ఆల్బమ్ అట్టలు కనబడ్డాయి. పాటలన్నీ అరుపులే. వాడేమైపోతాడోనని భయంగా ఉంది.
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: మీ భయం నాకు అర్థమైంది అమ్మా. ఆ అట్టల మీద నలుపు తెలుపులో ఉండేవి చాలావరకు యుద్ధాల్లో తీసిన ఫొటోలు. యుద్ధం గొప్పదని కాదు, ఇదిగో యుద్ధమంటే ఇదీ అని చూపించడానికి వేస్తారు. అన్నీ మంచివే అని నేను హామీ ఇవ్వను, రోత పుట్టించడానికే రోత బొమ్మలు వేసే బ్యాండ్లూ ఉన్నాయి, అవి నాకూ నచ్చవు. ఏవి ఏవో మీకు చెప్పగలిగింది మీ అబ్బాయే. “ఈ పాటలో ఏమంటున్నారు నాన్నా, నాకు తెలుగులో చెప్పు” అని పక్కన కూర్చుని అడగండి. కోప్పడకుండా అడిగితే గంటసేపు చెబుతాడు చూడండి.

నేనైతే పాటల కన్నా చెవుల గురించి ఎక్కువ భయపడతాను. 85 డెసిబెల్స్ దాటిన మోత గంటల తరబడి వింటే చెవి దెబ్బతింటుంది, పోయిన వినికిడి మళ్ళీ రాదు. ఇయర్‌ఫోన్స్ సౌండు తగ్గించమని మాత్రం గట్టిగానే చెప్పండి.

ప్రశ్న: అమెరికాలో ఉండే మా అన్నయ్య ఒక పవర్‌వయొలెన్స్ సెవెన్ ఇంచ్ రికార్డు తెచ్చాడు. లేబుల్ మీద స్పీడు రాసి లేదు. నిమిషానికి 45 చుట్ల స్పీడులో వినాలా, 33లో వినాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఈ సంగీతంలో ఇది నిజమైన చిక్కే, తప్పు స్పీడులో పెట్టినా సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది! పవర్‌వయొలెన్స్ అనేది కాలిఫోర్నియాలో ఇన్‌ఫెస్ట్ లాంటి బ్యాండ్లు వేసిన దారి. ఉన్నట్టుండి మెరుపు వేగం, అంతలోనే బురదలో కాలు పడ్డట్టు నెమ్మది. అందుకని వేగాన్ని బట్టి తేల్చలేరు. 33లో తిరగాల్సింది 45లో పెడితే వేగంతో పాటు శ్రుతి కూడా మూడో వంతు పైగా పెరుగుతుంది, గొంతు సన్నబడి పిట్ట అరుపులా వస్తుంది, డ్రమ్స్‌లోని సింబల్, అంటే ఇత్తడి తాళం, మోగీ మోగకుండానే ఆగిపోతుంది. పాటల మధ్య ఎవరైనా మామూలుగా మాట్లాడిన చోటు ఉంటే ఇంకా సులువు, అక్కడ ఇట్టే తెలిసిపోతుంది. లేబుల్ చుట్టూ గాడులు లేని నున్నటి చోటు ఉంటుంది కదా, రికార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని అక్కడ చూడండి. సన్నగా గీకిన అక్షరాలు కనిపిస్తాయి, ఒక్కోసారి స్పీడు కూడా అక్కడే గీకి ఉంటుంది. లేకపోతే పాటల లెక్క చూడండి. 45లో ఒక వైపు నాలుగైదు నిమిషాలకి మించి పెట్టరు, ఎక్కువ పెడితే గాడులు ఇరుకై సౌండు తగ్గిపోతుంది. ఒక వైపే పది పాటలున్నాయంటే ముందు 33లో పెట్టి చూడండి.