వాడిన టర్బైన్ జెట్: కంటికి కనబడనిది కాగితం మీద పెట్టించండి

ప్రశ్న: నేను హనుమకొండలో ఉంటాను. రిమోట్‌తో నడిచే చిన్న విమానాలు ఎగరవేయడం చాలాకాలంగా అలవాటు. కరీంనగర్‌లో ఒకాయన తన టర్బైన్ జెట్ అమ్ముతానంటే నాలుగున్నర లక్షలకు బేరం కుదిరింది. ఫోన్‌లో 25 వేలు బయానా పంపాను. ఇంజిన్ 20 గంటలే నడిచిందని, 2023లో విదేశం నుంచి వస్తూ తెచ్చుకున్నానని, బిల్లు ఎక్కడో పోయిందని ఆయన అంటున్నారు. ‘ఉన్నది ఉన్నట్టుగా తీసుకోవాలి, తరువాత నాకు సంబంధం లేదు’ అనేది ఆయన షరతు. వచ్చే ఆదివారం చూడటానికి వెళుతున్నాను. ఏమేం చూసుకోవాలి? తరువాత లోపం బయటపడితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా? వద్దనుకుంటే బయానా వెనక్కి వస్తుందా? దీనికి డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయని ఒక మిత్రుడు భయపెడుతున్నాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ మిత్రుడు భయపెట్టడం లేదు, ఉన్న మాటే చెబుతున్నాడు. దాని సంగతి తరువాత చెబుతాను. ముందు మీరు ధీమాగా ఉన్న వినియోగదారుల కమిషన్ విషయం తేల్చేద్దాం. ఆ తలుపు మీకు తెరుచుకోదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు చేయాలంటే అవతలివారు వ్యాపారి అయి ఉండాలి. సరదాకు కొనుక్కున్న వస్తువును ఒకసారి అమ్ముకునే మనిషి వ్యాపారి కిందికి రాడు. అదే ఆయన విమానాలు కొని, బాగుచేసి, లాభానికి అమ్ముతుంటే లెక్క మారుతుంది. కాబట్టి ఆయన ఇంతకుముందు పెట్టిన అమ్మకం ప్రకటనలు ఏవైనా కనిపిస్తే ఇప్పుడే ఫోటో తీసి ఉంచుకోండి, రేపు తీసేయవచ్చు. ఆయన మామూలు అభిరుచిపరుడే అయితే మీకు మిగిలేది సివిల్ కోర్టు. దావాకు గడువు మూడేళ్లు. మోసం జరిగి ఉంటే అది మీకు తెలిసిన నాటి నుంచి, లేదా కాస్త శ్రద్ధ పెడితే తెలిసి ఉండేదన్న నాటి నుంచి ఆ గడువు లెక్కిస్తారు.

సివిల్ కోర్టులో మీ బలం ఎంత? 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ మొదటి మాటే కొనేవాడికి చేదుగా ఉంటుంది. సరుకు నాణ్యత గురించి అమ్మేవాడు నోరు విప్పకపోతే, చట్టం తనంతట తాను ఏ హామీనీ అతని నెత్తిన పెట్టదు. ఆ రకం సరుకును అమ్మడమే పనిగా ఉన్నవారి విషయంలో మినహాయింపు ఉంది. కానీ అక్కడ కూడా కొనేవాడు సరుకును పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో కనబడి తీరవలసిన లోపాలకు మినహాయింపు లేదు. అంటే మీరు ఆదివారం కరీంనగర్ వెళ్లి విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూసి వస్తే, రెక్క మొదట్లో ఉన్న పగులు గురించి రేపు కోర్టులో మాట్లాడలేరు. ‘చూశారు కదా’ అంటారు.

ఇక ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న షరతు. దీన్ని చూసి చాలామంది అమ్మేవాడు అబద్ధం చెప్పినా చెల్లుతుందనుకుంటారు. చెల్లదు. 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ ప్రకారం తెలిసి తెలిసి అబద్ధం చెప్పి ఒప్పిస్తే అది మోసం. 19వ సెక్షన్ కింద ఆ ఒప్పందాన్ని మీరు రద్దు చేసుకోవచ్చు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, మీ వ్యవహారమంతా దాని మీదే నిలబడుతుంది. లోపం ఉన్నా ఊరకే నోరు మూసుకుని కూర్చోవడం మామూలుగా మోసం కాదు. ఒకవేళ మౌనం మోసమయ్యే సందర్భమైనా, మామూలు శ్రద్ధతో మీరే నిజం తెలుసుకోగలిగి ఉంటే 19వ సెక్షన్ మీకు అక్కరకు రాదు. తెలిసి నోటితో చెప్పిన అబద్ధానికి మాత్రం ‘మీరు చూసుకోవలసింది’ అన్న సాకు పనికిరాదు. కాబట్టి ఆయన మౌనాన్ని మాటగా మార్చడమే మీ పని. ఎప్పుడైనా కూలిందా, మంట అంటుకుందా, ఇంజిన్ విప్పారా, ఈసీయూ (ఇంజిన్‌ను అదుపు చేసే ఎలక్ట్రానిక్ డబ్బా) మార్చారా అని ఒక్కో ప్రశ్నా వాట్సాప్‌లో విడిగా అడగండి. జవాబు వచ్చేదాకా డబ్బు మాట ఎత్తకండి. అన్నిటికీ జవాబిచ్చి ఒకదాన్ని దాటేశారంటే, ఆదివారం అక్కడే ఎక్కువసేపు చూడాలని అర్థం.

చూడటం గురించి. నేను వకీలునే, మెకానిక్‌ను కాను. అయినా పాత యంత్రాల తగాదాలు చదివి చదివి తనిఖీ ఎక్కడ బోల్తా పడుతుందో కొంత తెలుసు. మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలి. సంతలో గేదెను కొనేవాడు తన కళ్లముందే పాలు పిండించి చూసినట్టు, మొదటి స్టార్టు మీ ఎదుటే జరగాలి. ముందే ఒకసారి నడిపి వేడిగా ఉంచితే బేరింగుల జబ్బు, గ్లో ప్లగ్ (మంట రాజేసే భాగం) బలహీనత బయటపడవు. స్టార్టు చేయకముందు ముందువైపు నుంచి టార్చి వేసి కంప్రెసర్ చక్రం అంచులు చూడండి. రాయో మేకో మింగిన ఇంజిన్‌కు అక్కడ నొక్కులు ఉంటాయి. నోటితో ఊదితే రోటర్ మెత్తగా తిరిగి మెల్లగా ఆగాలి, గీసుకుంటున్న చప్పుడు రాకూడదు. ఇది నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే యంత్రం. వెనుక గొట్టంలో ఒకేచోట నల్లబడి ఉబ్బినట్టుంటే మంట సరిగా పంచుకోవడం లేదన్నమాట.

తరువాత ఈసీయూ. మొత్తం ఎన్ని గంటలు నడిచింది, ఎన్నిసార్లు స్టార్టయింది, కిందటిసారి ఎందుకు ఆగింది అన్నవి చాలా ఈసీయూలలో నమోదై ఉంటాయి. చేతి డిస్‌ప్లే తగిలించి ఆ అంకెలు చూపించమనండి, వీడియో తీయండి. కానీ ఆ 20 గంటలు ఇంజిన్‌వో, డబ్బావో ఆలోచించండి. ఈసీయూ విడిగా ఉండే ఇంజిన్లలో డబ్బా మారిస్తే లెక్క మళ్లీ మొదలు కావచ్చు. అందుకే రెండింటి సీరియల్ నంబర్లూ రాసుకుని, తయారీ కంపెనీకి ఈమెయిల్ పంపండి. ఈ ఇంజిన్ ఎప్పుడు అమ్ముడుపోయింది, సర్వీసుకు వచ్చిందా, దొంగిలించబడినట్టు ఫిర్యాదు ఉందా అని అడగండి. దొంగ సొత్తయితే మీరు ఎంత మంచి మనసుతో కొన్నా హక్కు రాదు, వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ ఆ విషయంలో మొహమాటం ఎరగదు. ఇంకొక మాట. చాలా కంపెనీలు 25 గంటలకు ఒకసారి సర్వీసు చేయించాలంటాయి. 20 గంటలు నిజమే అనుకున్నా మీరు కొంటున్నది ఐదు గంటల ఇంజిన్. సర్వీసుకు విదేశం పంపాల్సి వస్తే రానూపోనూ ఖర్చు, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ తతంగం మీదే. ఆ లెక్కన నాలుగున్నర లక్షలు నాకు ఎక్కువే అనిపిస్తోంది.

విమానం ఒళ్లు సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ల్యాండింగ్ గేర్ బిగించిన చోట జిగురు వదిలిందా, ఇంధన గొట్టాలు గట్టిపడ్డాయా, బ్యాటరీలు ఉబ్బాయా చూస్తారు. నా తరఫున ఒక్కటి చేర్చండి. ఇంజిన్ నెమ్మదిగా నడుస్తుండగా ట్రాన్స్‌మిటర్ ఆపేయమనండి. ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ తెగితే ఇంజిన్‌ను ఆపే ఏర్పాటు) సరిగా ఉంటే క్షణాల్లో ఇంజిన్ ఆరిపోవాలి. అది ఆరకపోయినా తీసుకుని, రేపు అదుపు తప్పి ఎవరికైనా తగిలితే, నిర్లక్ష్యమని నిరూపించడానికి అవతలి వకీలుకు పెద్దగా చెమట పట్టదు.

చూసినవన్నీ, విన్నవన్నీ ఒక పేజీ రాతలోకి రావాలి. వంద రూపాయల స్టాంపు పేపరు మీదా, తెల్ల కాగితం మీదా అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. మాటలే ముఖ్యం. ‘ఫలానా నంబరు ఇంజిన్ నాకు తెలిసినంతవరకు ఇన్ని గంటలు నడిచింది; నా వద్ద ఉండగా కూలలేదు, విప్పలేదు; ఈసీయూ మార్చలేదు; దీనికి నేనే పూర్తి యజమానిని; ఈ మాటలను నమ్మే కొనుగోలుదారు కొంటున్నారు’ అని ఆయన సంతకంతో ఉండాలి. ఆ కింద ‘ఉన్నది ఉన్నట్టుగా’ అన్న వాక్యం రాసుకుంటానంటే రాసుకోనివ్వండి. కానీ ఆ ఒక్క వాక్యమే రాసి, మిగతావి నోటితో చెబుతానంటే ఒప్పుకోకండి. రాతలో ఉన్న షరతుకు విరుద్ధంగా నోటి మాటను కోర్టు మామూలుగా వినదు. వాట్సాప్ సంభాషణ సాక్ష్యంగా పనికొస్తుంది. 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి కాబట్టి ఆ ఫోన్‌ను అమ్మకండి, సంభాషణ చెరపకండి. మిగతా సొమ్ము బ్యాంకు ద్వారానే పంపండి.

ఇప్పుడు మీ మిత్రుడి మాట. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనలు నాలుగు రెక్కల కెమెరా బొమ్మలకే అనుకుంటే పొరపాటు. పైలట్ లోపల లేకుండా ఎగిరే విమానం ఏదైనా అందులోకి వస్తుంది. రెండు కిలోలు దాటి 25 కిలోల లోపుంటే ‘చిన్న’ తరగతి. ఇంధనం నింపి తూకం వేయండి, 25 దాటితే తరగతే మారిపోతుంది. వినోదానికి, కంటిచూపు మేరలో ఎగిరే 25 కిలోల లోపు మోడల్ విమానాలకు టైప్ సర్టిఫికెట్ (ఆ రకం విమానానికి ప్రభుత్వం ఇచ్చే ఆమోదపత్రం) అక్కరలేదని నిబంధనలు చెబుతున్నాయి. ఆ మినహాయింపును పట్టుకుని ఇంకేమీ అక్కరలేదనుకునేవారు చాలామంది. రిజిస్ట్రేషన్ నంబరు, నానో తరగతి (250 గ్రాముల లోపు) దాటినవాటికి థర్డ్ పార్టీ బీమా, రిమోట్ పైలట్ సర్టిఫికెట్ వేరే సంగతులు, అవి ఉండాల్సిందే. రెండు కిలోల లోపు విమానాన్ని వ్యాపారానికి కాకుండా ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కరలేదు, మీది ఆ లోపు కాదు. ఉల్లంఘనకు జరిమానా లక్ష రూపాయల వరకు ఉంటుంది. అమ్మకం జరిగితే రిజిస్ట్రేషన్ బదిలీకి డీ-3 ఫారం ఉంది. కాబట్టి ఆయనను మొదట అడగవలసింది ఆ నంబరు. అది లేదంటే, ఆ 20 గంటలూ ఆయన నంబరు లేకుండానే ఎగరేశారని తానే ఒప్పుకున్నట్టు.

దానికంటే నన్ను కలవరపెట్టేది 2023. డ్రోన్ల దిగుమతిని కేంద్రం 2022 ఫిబ్రవరిలో నిషేధించింది. పూర్తి రూపంలో తెచ్చినా, విడదీసి తెచ్చినా అంతే. పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు మాత్రం అనుమతితో మినహాయింపు ఉంది, విడిభాగాలకు నిషేధం లేదు. ఇంజిన్ ఒక్కటే తెచ్చి విమానం ఒళ్లు ఇక్కడ కట్టించుకున్నారా, మొత్తం పెట్టెలో పెట్టి తెచ్చారా, కస్టమ్స్ సుంకం కట్టిన రసీదు ఏది? బిల్లు పోయిందంటే కొన్న చోటు నుంచి ఈమెయిల్ నకలు తెప్పించవచ్చు, 2023 ఏమీ పురాణకాలం కాదు. నిషిద్ధ సరుకని తేలితే కస్టమ్స్ చట్టం కింద జప్తయ్యేది మీ ఇంట్లో ఉన్న విమానం. ఆయన చేతిలో డబ్బు భద్రంగా ఉంటుంది.

ఎగరవేసే చోటు గురించి క్లుప్తంగా. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయాన్ని మళ్లీ తెరవడానికి 2025లో కేంద్రం ఆమోదం తెలిపింది. నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపు అనుమతి లేకుండా నేల మీంచి లేవకూడదు, ఎనిమిది నుంచి పన్నెండు కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే స్వేచ్ఛ. మామునూరు నడవడం మొదలైతే హనుమకొండ, వరంగల్ చుట్టుపక్కల మీకు తెలిసిన మైదానాలు చాలావరకు ఈ దూరాల్లో పడతాయి. ప్రతిసారీ ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైట్‌లో గగనతల పటం చూసి బయలుదేరండి. వరి కోతలయ్యాక గడ్డి ఆరిన పొలాల పక్కన, పత్తి కట్టెలు కుప్ప వేసిన చోట వద్దు. మండే ఇంధనంతో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ ఉంది, రైతుకు నష్టపరిహారం దానికి అదనం.

చివరగా బయానా. కొనేవాడు తన తప్పుతో వెనక్కి తగ్గితే బయానా పోతుందన్నది సుప్రీంకోర్టు 1969లో శ్రీ హనుమాన్ కాటన్ మిల్స్ కేసులో ఖాయం చేసిన సూత్రం. తమాషా ఏమిటంటే అది కూడా విమానాల బేరమే. టాటా ఎయిర్‌క్రాఫ్ట్ నుంచి పది లక్షలకు విమానాల తుక్కు కొనడానికి రెండున్నర లక్షలు కట్టి, మిగతాది చెల్లించక ఆ సొమ్ము పోగొట్టుకున్నారు. మీ కేసు దానికి భిన్నం కావడానికి రెండు దారులు: ‘చూసి, కాగితాలు సరిగా ఉంటేనే తీసుకుంటాను’ అన్నది 25 వేలు పంపకముందు మీ సందేశాల్లో ఉండాలి, లేదా ఆయన చెప్పిన మాట అబద్ధమని తేలాలి. సందేశాలు వెతకండి. ఆ మాట లేకపోతే ఆదివారానికి ముందే ‘రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతి కాగితాలు చూపిస్తేనే మిగతా సొమ్ము’ అని రాసి పంపండి. ఆయన సరే అంటే అది ఒప్పందంలో భాగమవుతుంది. కాదంటే బేరం అక్కడే ఆపి, బయానా తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. 25 వేల కోసం వకీలు ఫీజు పెట్టుకుని దావా వేయమని నేను చెప్పను. కరీంనగర్ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో లోక్ అదాలత్‌కు ముందస్తు దరఖాస్తు ఇస్తే కోర్టు ఫీజు ఉండదు, ఆయనను పిలిపించి మాట్లాడతారు. దరఖాస్తుకు సందేశాల నకళ్లు, సొమ్ము పంపిన బ్యాంకు వివరం జతచేయండి.