సందేహాల డబ్బా: మనిషికి పాతిక చదరపు కిలోమీటర్ల జిల్లా

ప్రశ్న: అన్నా, జీకే నోట్స్‌లో ఒకటి చూసి ఆగిపోయా. రష్యాలో తైమీర్ అనే జిల్లా విస్తీర్ణం 8,79,900 చదరపు కిలోమీటర్లు, జనాభా 34,432 అంట. ఎక్కడైనా సున్నా ఎక్కువ పడిందా? అంత పెద్దదాన్ని జిల్లా అని ఎలా అంటారు? - ఓ గ్రూప్-2 అభ్యర్థి, తణుకు

జవాబు: సున్నా ఏం ఎక్కువ పడలేదు తమ్ముడూ, రెండంకెలూ కరెక్టే, కాకపోతే ఆ జనాభా 2010 సెన్సస్‌ది, ఆ తర్వాత ఇంకా తగ్గారు. పూర్తి పేరు తైమీర్ డోల్గన్-నెనెట్స్ జిల్లా. సైబీరియా నెత్తి మీద, క్రాస్నోయార్స్క్ క్రాయ్ కింద ఉంటుంది, క్రాయ్ అంటే మన రాష్ట్రం లాంటిది అనుకో. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు, అలాంటివి మూడు పెట్టినా ఇంకా కొంచెం చోటు మిగులుతుంది. జనం చూస్తే మన దగ్గర ఓ మోస్తరు మండలమంత కూడా లేరు.

అంత పెద్దది జిల్లా ఎలా అయిందంటే, అది మొదట్లో జిల్లా కాదు. 1930లో ప్రత్యేక ప్రాంతంగా పెట్టారు, సోవియట్ పోయాక దానికి దాదాపు రాష్ట్రం హోదా ఉండేది. 2005 ఏప్రిల్‌లో ఓటింగ్ పెట్టి పక్కనున్న పెద్ద క్రాయ్‌లో కలిపేద్దామన్నారు, 2007 జనవరి 1 నుంచి కలిసిపోయింది. హోదా తగ్గింది గానీ నేల తగ్గదు కదా, అందుకే బోర్డు మీద జిల్లా అని ఉన్నా సైజు మాత్రం పాత దర్జాలోనే ఉండిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి, ఎగ్జామ్‌కి పనికిరాదేమో గానీ విను. ఆ అంకెలని భాగిస్తే మనిషికి పాతిక చదరపు కిలోమీటర్లు వస్తుంది. ఆ లెక్కన మన పాత జీహెచ్‌ఎంసీ 650 చదరపు కిలోమీటర్లలో మొత్తం పాతిక మందే ఉండాలి, అమీర్‌పేటలో ఒకడు, ఉప్పల్లో ఒకడు. చదవడానికి బాగుంటుంది గానీ అక్కడ అలా ఎవరూ బతకట్లేదు. ఆ 34 వేలల్లో 22 వేల పైచిలుకు డుడింకా అనే ఒక్క టౌన్‌లోనే ఉన్నారు, అదే జిల్లా హెడ్‌క్వార్టర్స్. వాళ్ళని తీసేస్తే మిగతా నేల మీద మనిషికి 70 చదరపు కిలోమీటర్ల పైనే.

ఇంకో తమాషా చూడు, మ్యాప్‌లో డుడింకాకి తూర్పున 80-90 కిలోమీటర్లలో నోరిల్స్క్ సిటీ కనపడుతుంది, నికెల్, రాగి, పల్లాడియం గనులు, 2010లో లక్షా 75 వేల జనం. చుట్టూ తైమీరే, కానీ అది తైమీర్ లెక్కలోకి రాదు, గారె మధ్య చిల్లులాగా దాన్ని వేరే యూనిట్‌గా పెట్టారు. దాన్నీ కలిపి లెక్కేస్తే మనిషికి పాతిక కాస్తా నాలుగైపోతుంది. అదే నేల, అదే మనుషులు, గీత ఎక్కడ గీస్తున్నావన్నదాన్ని బట్టి 4, 25, 70! అయితే ఈ గీత ఆఫీసు కాగితాల వరకే. 2020 మేలో నోరిల్స్క్ దగ్గర ట్యాంకు పగిలి 21 వేల టన్నుల డీజిల్ కారిపోతే అదేమీ సిటీ లిమిట్స్‌లో ఆగలేదు, అంబర్నాయా నది పట్టుకుని కిందికి పోయింది.

ప్రశ్న: సార్, ఆ జిల్లా పేరులో రెండు జాతుల పేర్లున్నాయి కదా, అక్కడ వాళ్ళే మెజారిటీనా? అంత చలిలో జనం తగ్గిపోతున్నారంటే ఆశ్చర్యం లేదులెండి. - ఓ సోషల్ టీచర్, కరీంనగర్

జవాబు: మెజారిటీ కాదు టీచర్ గారూ, ఎక్కువమంది రష్యన్లే. డోల్గన్లు ఐదు వేల పైచిలుకు, నెనెట్స్ వాళ్ళు అంతకంటే తక్కువ. వీళ్ళు కాక ఎవెంకీలు, ఎనెట్స్, న్గనసాన్లు ఉన్నారు. 2010 లెక్కల్లో న్గనసాన్లు రష్యా మొత్తానికి 862 మంది, ఎనెట్స్ 227 మంది. మన ఊళ్ళో ఓ పెళ్ళి భోజనాలకి ఇంతకంటే ఎక్కువ విస్తళ్ళు లేస్తాయి, కానీ వాళ్ళకంటూ ఒక భాష ఉంది, ఇప్పుడు పెద్దవాళ్ళ నోట్లోనే మిగిలింది.

డోల్గన్లది చిత్రమైన కథ. ఎవెంకీలు, యాకూత్‌లు, టండ్రాలో స్థిరపడ్డ రష్యన్ రైతులు కలిసిపోయి రెండు మూడు వందల ఏళ్ళ కింద ఒక జాతిగా తయారయ్యారు, మాట్లాడేది యాకూత్‌కి దగ్గరి భాష. వాళ్ళ ఇల్లు చూడాలి మీరు, దాన్ని బాలోక్ అంటారు. స్లెడ్జి బండి మీద చెక్క ఫ్రేము కట్టి, దానికి రెయిన్‌డీర్ తోళ్ళు కప్పి, పైన గుడ్డ బిగిస్తారు, లోపల చిన్న ఇనప పొయ్యి, ఓ కిటికీ. మేత అయిపోతే సామాను సర్దడాలూ గుడారం పీకడాలూ ఏం ఉండవు, ముందు రెయిన్‌డీర్లని కట్టి ఇంటినే లాక్కుపోతారు, అంతే.

చలికి తగ్గారన్న మాట మాత్రం నేనొప్పుకోను. 1989లో 55,803 మంది ఉండేవాళ్ళు, 2002కి 39,786 అయ్యారు, ఆ పదమూడేళ్ళలో చలేం పెరగలేదు కదండీ! సోవియట్ టైములో ఉత్తరానికొచ్చి పనిచేస్తే జీతం మీద గట్టి అలవెన్స్ ఇచ్చేవాళ్ళు, దానికోసం ఎక్కడెక్కడినుంచో వచ్చారు. 1991 తర్వాత ఆ వ్యవస్థ కూలింది, ధరలు కొండెక్కాయి, వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెనక్కి పోయారు. సముద్రం ఒడ్డున దిక్సాన్ అనే రేవు ఊరుంది, 1980ల్లో దాదాపు 5 వేల మంది, 2010కి 676. అసలు అక్కడే పుట్టినవాళ్ళు ఎక్కడికి పోతారు, వాళ్ళు ఉన్నారు.

ప్రశ్న: పోయిన సంచికలో "డుడింకా పోర్టు ఏటా మునుగుతుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఏటా మునిగే చోట పోర్టు కట్టినవాడెవడండీ? - ఓ రిటైర్డ్ ఇరిగేషన్ ఉద్యోగి, ధవళేశ్వరం

జవాబు: మీరు అడుగుతారని తెలుసు మాష్టారూ! యెనిసెయ్ నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది, చిక్కంతా అక్కడే. వసంతంలో ఎగువన, అంటే వెచ్చటి వైపు మంచు ముందు కరుగుతుంది, ఆ నీళ్ళన్నీ కిందికి వచ్చేసరికి డుడింకా దగ్గర నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. మన గోదారికి వరదొస్తే గేట్లు ఎత్తుతారు, ఇక్కడ గేటు ఎత్తేవాడు లేడు, ఐసే గేటు. నీళ్ళు పది మీటర్ల పైన లేచి, ఇళ్ళంత మంచు పలకలు ఒకదాని మీదొకటి ఎక్కి రేవు మీదికి వచ్చేస్తాయి.

అందుకని ఏటా మే నెలలో క్రేన్లని పట్టాల మీద వెనక్కి లాగి ఎత్తైన చోట పెట్టేస్తారు, ఊడదీయగలిగినవన్నీ ఊడదీస్తారు, మనుషులు ఒడ్డెక్కి చూస్తూ కూర్చుంటారు. ఐసు పోయాక బురద కడిగి, మిగిలిన మంచు ముక్కల్ని బుల్డోజర్లతో నదిలోకి తోసి మళ్ళీ అంతా బిగిస్తారు. ఇంత తిప్పలు ఎందుకంటే వేరే దారి లేదు. నోరిల్స్క్ మెటల్ రైల్లో డుడింకా వచ్చి, అక్కణ్ణుంచి ఐసు పగలగొట్టుకుంటూ పోయే ఓడల్లో రష్యా వాయవ్య కొసనున్న ముర్మాన్‌స్క్ రేవు వైపు పోతుంది. ఆ రైలు లైను కూడా దేశంలో ఇంకే లైనుకీ కలవదు. మిగతా రష్యాకి రోడ్డు కూడా లేదు, అందుకే అక్కడివాళ్ళు మాస్కో వెళ్ళినా క్రాస్నోయార్స్క్ వెళ్ళినా "మెయిన్‌ల్యాండ్ పోతున్నా" అంటారు, వాళ్ళేదో దీవిలో ఉన్నట్టు.

ప్రశ్న: చూడ్డానికి మనం వెళ్ళొచ్చా? - హైదరాబాద్

జవాబు: ఊరికే టికెట్ కొనుక్కుని దిగిపోతే కుదరదు, నోరిల్స్క్‌కైనా డుడింకాకైనా విదేశీయులు ముందే పర్మిషన్ తీసుకోవాలి. అది దొరికితే ఎండాకాలం క్రాస్నోయార్స్క్‌లో పడవెక్కండి, యెనిసెయ్ మీద దాదాపు 2 వేల కిలోమీటర్లు, నాలుగు రోజులు పడుతుంది. డిసెంబర్‌లో మాత్రం వద్దు, నెలన్నర పాటు సూర్యుడే రాడు, ఇక ఫొటోలేం తీస్తారు!