చిన్న ట్రాక్టరా, పెద్దదా: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. ట్రాక్టర్ కొనకముందే అడిగావు, సంతోషం. మనవాళ్లలో చాలామంది కొన్నాక అడుగుతారు. షోరూమ్ వాళ్లు 50 హెచ్‌పీ బండి తీసుకోమంటున్నారని మీ అమ్మ చెప్పింది. ప్రత్తిపాడు దగ్గర నువ్వు కొన్నది ఐదెకరాలు. అందులో రెండెకరాలు నిమ్మతోట, మిగతాది సర్కారు తుమ్మ మొలిచిన నల్లరేగడి బీడు. నా మాట చెప్పేస్తాను: 24 నుంచి 27 హెచ్‌పీ మధ్య, నాలుగు చక్రాలూ లాగే మినీ ట్రాక్టర్ తీసుకో. పెద్ద పనికి పెద్ద బండిని కిరాయికి పిలువు.

ఎందుకంటే, ఏ పని ఆగుతుంది, ఏ పని ఆగదు అన్నది చూడాలి. బీడులో లోతు దుక్కి వేసవి పని. మే నెలలో ఈ వారం కాకపోతే వచ్చే వారం దున్నించుకోవచ్చు, కిరాయి బండ్లూ అప్పుడు కాస్త ఖాళీగా ఉంటాయి. తొలకరి పడ్డాక మాత్రం ఎవరూ నీ ఫోన్ ఎత్తరు. వాన వెలిసిన రెండు మూడు రోజులకు నల్లరేగడి అదునుకొస్తుంది. అంతకుముందు దిగితే బంక మట్టి టైర్లకు చుట్టుకుంటుంది, ఆలస్యమైతే గడ్డలు లేస్తాయి. తోటలో కలుపు తీయడం, మందు కొట్టడం ఆ కాస్త గడువులోనే జరగాలి. ఆ పనికి బండి నీ షెడ్డులో ఉండాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు పడే దుక్కి కోసం పెద్ద బండి కొని, మిగతా రోజులన్నీ దానికి నీడ చూసుకుంటూ కూర్చోవడం నాకు నచ్చదు.

ఇంకో సంగతి. టేపు పట్టుకుని తోటలోకి వెళ్లు. నిమ్మ మొక్కలు ఇరవై అడుగుల దూరంలోనే నాటి ఉంటారు, కానీ చెట్టు గుబురెక్కాక సాలు మధ్య ఖాళీ ఎంత మిగిలిందో కొమ్మల చివర నుంచి చివరకు కొలువు. మనిషి నడుము ఎత్తులో ఒకసారి, స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నప్పుడు మొహం వచ్చే ఎత్తులో ఇంకోసారి. రెండో కొలతను చాలామంది మర్చిపోతారు, తర్వాత ముళ్లు గుర్తుచేస్తాయి. పెద్ద బండి వెడల్పు ఆరడుగులకు దగ్గరగా ఉంటుంది. మినీ మూడున్నరకు కాస్త అటూ ఇటూ. సాలు చివర తిరగడానికి గట్టు దగ్గర ఎంత జాగా ఉందో కూడా చూడు. పైగా నిమ్మకు పీచువేళ్లు పైపైనే ఉంటాయి. లోతుగా దిగే గొర్రు తోటలోకి రానివ్వకు. రోటావేటర్, అంటే గుండ్రంగా తిరిగే కత్తులతో మట్టిని గుల్ల చేసే పరికరం, పైపైన తిప్పితే చాలు. అది వెనక టైర్ల బయటి అంచులు దాటి ఉండేలా తీసుకో, లేకపోతే టైరు తొక్కిన చోట కలుపు అలాగే మిగులుతుంది.

మినీకి లోపాలు లేవని చెప్పను. పెద్ద బండి రెండు టన్నుల వరకు తూగుతుంది, ఇది అందులో సగం కూడా ఉండదు. తేలిక కాబట్టి చెట్ల మొదళ్ల దగ్గర నేల అణగదు, కానీ అదే తేలికతనం వల్ల తడి రేగడిలో చక్రం జారుతుంది. అందుకే నాలుగు చక్రాల లాగుడు ఉండాలంటున్నాను. వెనక టైర్లలో మూడొంతులు నీళ్లు నింపిస్తే పట్టు ఇంకాస్త దొరుకుతుంది. ఎరువు ట్రక్కు నిండా వేసి గుంటూరు రోడ్డెక్కుదామనుకుంటే మాత్రం కుదరదు. చెరువు తవ్వడం, తుమ్మ మొద్దులు పీకడం జేసీబీ పని, గంటల లెక్కన పిలిపించుకో. దాని కోసం ట్రాక్టర్‌కు ముందు బకెట్ తగిలించమంటే ఒప్పుకోకు.

పక్క పొలాలు కౌలుకు తీసుకుని మిర్చి, పత్తి వేసే ఆలోచన ఉంటే, లేదా డ్రైవర్‌ను పెట్టి ఊళ్లో కిరాయిలకు తిప్పుతానంటే లెక్క మారుతుంది. అప్పుడు 45 హెచ్‌పీ తీసుకో. 50 దాటకు. 2023 జనవరి నుంచి ఆ పైవాటికి పొగ నిబంధనలు కఠినమై ధర పెరిగింది, నీకు ఆ బలంతో పని లేదు. కానీ విజయవాడలో ఉద్యోగం చేసుకుంటూ డ్రైవర్ టెన్షన్ కూడా నెత్తిన పెట్టుకుంటావా, ఆలోచించు.

షోరూమ్‌లో ఇంజిన్ హెచ్‌పీ ఒక్కటే చెబుతారు. రోటావేటర్‌ను, స్ప్రేయర్‌ను తిప్పేది పీటీఓ, అంటే ట్రాక్టర్ వెనక ఇంజిన్ బలంతో తిరిగే ఇరుసు. అక్కడికొచ్చే బలం ఇంజిన్ బలం కన్నా తక్కువ, ఆ అంకె విడిగా అడుగు. వెనక పరికరాల్ని పైకి లేపే లిఫ్ట్ ఎన్ని కిలోలు ఎత్తుతుందో కూడా అడుగు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో చూసుకో. కంపెనీ ఏదైనా, రంగు ఏదైనా ఫరవాలేదు గానీ, మెకానిక్ గుంటూరు నుంచి నీ పొలానికి వస్తాడో లేదో కనుక్కో. డెమో అడిగితే సిమెంటు రోడ్డు మీద తిప్పి చూపిస్తారు. మన రేగడిలో, రోటావేటర్ తగిలించి, నువ్వే నడుపు.

నడపడం గురించి కొంచెం. ట్రాక్టర్‌కు బ్రేకు పెడళ్లు రెండుంటాయి. పొలంలో తిరగడానికి విడివిడిగా తొక్కుతాం. రోడ్డెక్కే ముందు రెంటినీ కలిపి కొక్కెం పెట్టకపోతే, ఒక్కదాని మీదే కాలు పడి బండి పక్కకు ఈడ్చుకుపోతుంది. ఏదైనా లాగాల్సి వస్తే గొలుసును బండి వెనక కిందుగా ఉండే లాగుడు కడ్డీకే, అంటే డ్రాబార్‌కే కట్టాలి. పైన కడితే ముందు చక్రాలు లేస్తాయి. పీటీఓ తిరుగుతుండగా లుంగీతో, కండువాతో దగ్గరకు పోకు. పిల్లల్ని మడ్‌గార్డ్ మీద కూర్చోబెట్టకు, వాళ్లు ఎంత ఏడ్చినా సరే.

ఈ ఆదివారం కొలతలు తీసి ఫోన్ చెయ్యి. సాలు మధ్య ఎనిమిది అడుగులకు పైనే ఖాళీ ఉందని తేలితే మళ్లీ మాట్లాడుకుందాం. రోటావేటర్ కోసం ఆటోనగర్‌కు నేనూ వస్తాను, బేరం నువ్వు ఆడకు.

ఇట్లు
మీ మామయ్య