ఓక్‌ని నమ్ముకోవచ్చా?

ప్రశ్న: యూరప్‌లో కరువుకి చచ్చిపోయిన స్ప్రూస్ (సూదుల్లాంటి ఆకులుండే చెట్టు) చెట్ల చోట ఓక్ నాటుతున్నారని చదివాను. ఎదగడానికి వందేళ్లు తీసుకునే చెట్టు, ఇంత వేగంగా మారే వాతావరణంలో అడవిని ఎలా కాపాడుతుందండీ?

జవాబు: అనుమానం సబబే. ముందు స్ప్రూస్ సంగతి. దాని వేళ్లు పైపైనే పరుచుకుంటాయి. 2018 నుంచి 2020 దాకా మధ్య యూరప్‌లో వరుసగా వానలు తగ్గేసరికి చెట్లలో జిగురు ఊరడం తగ్గింది. ఆ జిగురే బెరడు పురుగుకి అడ్డు. జర్మనీలో హార్జ్ కొండలు బూడిదరంగుకి తిరిగింది అలాగే. ఓక్‌కీ దెబ్బ తగిలింది గానీ మూకుమ్మడిగా చావలేదు.

తల్లివేరు లోతుగా దిగడం ఒక కారణం. కొయ్యలో ఇంకోటుంది. కాగితాలు ఎగరకుండా నేను బల్లమీద పెట్టుకునే ఓక్ ముక్క అడ్డకోతలో, ప్రతి ఏటి వలయం మొదట్లో సూదిమొన దిగేంత రంధ్రాల వరస భూతద్దం లేకుండానే కనబడుతుంది. అవి వసంతంలో ఆకులు పూర్తిగా విచ్చుకోకముందే వేసుకునే నీటి గొట్టాలు. చలికి గడ్డకట్టి, గాలి బుడగలు చేరి పాతవి చాలావరకు పనికిరాకుండా పోతాయి. మళ్లీ ఏడు మళ్లీ కొత్తవి. అందుకే పోయిన ఏటి గొట్టాలు పాడైనా చెట్టు నీళ్లు లాగగలదు.

నాకు మాత్రం ఓక్ మీద అసలు గౌరవం దాని సంకరం వల్ల. ప్రపంచంలో సుమారు 430 ఓక్ జాతులున్నాయి. దగ్గరి జాతుల మధ్య కంచె ఉంది గానీ దానికి కంతలూ ఉన్నాయి. యూరప్‌లో తడినేలని ఇష్టపడే పెడంక్యులేట్ ఓక్, పొడి వాలుల్లో బతికే సెసైల్ ఓక్ పక్కపక్కన ఉంటే పుప్పొడి అటూ ఇటూ పోతుంది, జన్యువులూ మారతాయి. ఎండకి ఓర్చుకునే గుణం పొరుగు జాతి నుంచి అరువు తెచ్చుకునే వీలుందన్నమాట. పైగా విరగకాసిన ఏడు ఒక్క పెద్ద చెట్టే వేల గింజలు రాలుస్తుంది, ఏ రెండూ ఒకలాంటివి కావు. చెట్టు ఎదుగుదల నెమ్మదే. మొలకల్లో ఏరివేత మాత్రం ఒక్క మండువేసవిలోనే జరిగిపోతుంది.

ఇక ప్రయాణం. బరువైన గింజ గాలికి ఎగరదు కదా! మంచుయుగం తర్వాత ఓక్ బ్రిటన్ ఉత్తరపు కొసకి ఎవరి సాయమూ లేకుండా చేరాలంటే దాదాపు పది లక్షల ఏళ్లు పట్టేదని 1899లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త క్లెమెంట్ రీడ్ లెక్కగట్టాడు. అన్నేళ్లు పట్టలేదు. అందులో జే పక్షుల చలవ చాలా ఉంది. ఒక్కో పక్షి శరత్కాలంలో వేల గింజలు మోసుకెళ్లి నేలలో దాస్తుంది, తినగా మిగిలినవి మొలుస్తాయి. ఇప్పటి వేడి ఈ పక్షుల కంటే వేగంగా కదులుతోంది. దక్షిణాది గింజలు తెచ్చి ఉత్తరాన నాటి చూస్తున్నది అందుకే.

అలాగని స్ప్రూస్ తీసేసిన చోట ఓక్ ఒక్కటే బారులు తీర్చి నాటితే నేనొప్పుకోను, అది పాత తప్పే. కాలిఫోర్నియాలో ఫైటోఫ్తోరా తెగులు ఓక్‌లని గుంపులుగా చంపింది. తూర్పు అమెరికాలో మేపుల్ చెట్లని అదుపులో ఉంచే అడవి మంటలని ఆర్పేయడంతో వాటి నీడ దట్టమై ఓక్ మొలకలు కుంగిపోతున్నాయి, మిగిలినవి జింకలు మేసేస్తున్నాయి. నాటడం కంటే ఆ మొలకలని కాపాడటమే కష్టమైన పని. 2020 అంచనా ప్రకారం ఓక్ జాతుల్లో 31 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయి. అరువిచ్చే పొరుగు జాతులే పోతే ఇందాక చెప్పిన సంకరానికి అర్థం లేదు.

ప్రశ్న: ఓక్ గింజలు ఎండబెట్టి దాచుకుని, కొన్నేళ్ల తర్వాత నాటొచ్చా?

జవాబు: కుదరదు. ఓక్ గింజ ఎండితే చచ్చిపోతుంది. విత్తన బ్యాంకుల్లో మిగతా గింజల్లా ఆరబెట్టి గడ్డకట్టించి దాచలేకపోవడం అందుకే. బతికున్న చెట్లే దాని బ్యాంకు. ఏరిన గింజలు నీళ్లలో వేయండి, తేలినవి చాలావరకు పుచ్చులే, పారేయండి. మునిగినవి వెంటనే అడ్డంగా పడుకోబెట్టి నాటండి. తెల్ల ఓక్ జాతులైతే శరత్కాలంలోనే వేరు తొడుగుతాయి, ఎర్ర ఓక్ జాతులకి ఒక చలికాలం గడవాలి. పైన ఇనప జాలీ మరవకండి, ఎలుకలు వాసన పట్టేస్తాయి.