సూది వేశాక చెప్పే మాట

చిట్టితల్లీ,

ఏఎన్‌ఎంగా, అంటే పల్లెల్లో తిరిగే నర్సమ్మగా, సబ్ సెంటర్‌లో చేరావని మీ అమ్మ చెప్పగానే కళ్లు చెమర్చాయి. ముప్పై ఏళ్లు నేను మోసిన బరువు ఇప్పుడు నీ భుజానికెక్కింది.

సూది వేయడం ట్రైనింగ్‌లోనే వచ్చేసి ఉంటుంది. వేశాక చెప్పే మాట మాత్రం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక తండాలో నెలన్నర పాపకి డీపీటీ టీకా (కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం రాకుండా వేసేది) వేశాను. ఆ రోజు పిల్లలు ఎక్కువ. కార్డు చేతిలో పెట్టి పంపేశాను. రాత్రి పాప ఒళ్లు కాలిపోయిందట. అది టీకా జ్వరమని ఆ తల్లికి ఎవరు చెప్పారు? మరుసటి నెల నన్ను చూడగానే తలుపు వేసేసుకుంది. ఆమెను చూసి ఇరుగుపొరుగు ఇద్దరూ వేసుకున్నారు. ఆ మూడు తలుపులూ తెరిపించడానికి ఆర్నెల్లు తిరిగాను. తప్పు వాళ్లది కాదమ్మా, నాదే.

అందుకే ఎంత రద్దీగా ఉన్నా, ఏ టీకా వేశావో, జ్వరమొస్తే ఏం చేయాలో, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పు. కార్డు దాచి తెమ్మను. ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకని నీకు తెలుసు. తల్లికి మాత్రం "ఉగాది వెళ్లాక వచ్చే బుధవారం" అను. సూది చోట కాపడం పెట్టొద్దను. అరగంట కూర్చోబెట్టు. అసలు భయాలు అప్పుడే బయటపడతాయి.

ఐరన్ మాత్రలదీ ఇదే కథ. గర్భిణికి 180 మాత్రలు లెక్కపెట్టి ఇస్తాం. విరేచనం నల్లగా అయ్యేసరికి బెదిరిపోయి అటక మీద పడేస్తుంది. ఆ సంగతి ముందే చెప్పు. టీతోనూ, కాల్షియం మాత్రతోనూ కలిపి వేసుకోవద్దను. హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితే మాత్రలతో సరిపెట్టకు, డాక్టరు దగ్గరికి పంపు.

ఇక వ్యాక్సిన్ క్యారియర్, మనం టీకాలు చల్లగా మోసుకెళ్లే పెట్టె. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్‌లు వెంటనే సర్దేయకు. చెమట పట్టి, చెవి దగ్గర ఊపితే నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగు. పెంటా గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు. సీసా మీద రంగు మారే గుర్తు, వీవీఎం, వేడి తగిలిన సంగతే చెబుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) పొడిని దాని ద్రవంలో కలిపాక 4 గంటలు దాటితే పారేయ్. వృథా అవుతుందని మాత్రం ఒక్క బిడ్డతో వచ్చిన తల్లిని వెనక్కి పంపకు. ఆ ఒక్క బిడ్డ కోసమే సీసా తెరువు.

పల్స్ పోలియోలో చుక్కలు పడని ఇంటి గోడ మీద ఎక్స్ గుర్తు వేసేవాళ్లం. పొలానికి పోయినవాళ్లు, వలస వచ్చినవాళ్లు, వద్దన్నవాళ్లు. ఆ గుమ్మాలకే మళ్లీ మళ్లీ వెళ్లాం. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో బయటపడిందే దేశంలో ఆఖరి వైల్డ్ పోలియో కేసు. 2014 మార్చిలో మన దేశంతో సహా ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన రోజు నేను ఆ గోడలనే తలుచుకుని ఏడ్చాను.

టీకా రోజు సాయంత్రం రిజిస్టర్ మూసేముందు వచ్చినవాళ్ల లెక్క కాదు, రానివాళ్ల పేర్లు చూడు. మర్నాడే ఆశా అక్కని తీసుకుని వెళ్లు. తిట్టకు. ఎందుకు రాలేదో అడిగి, చెప్పేదంతా విను.

దసరాకి వస్తావుగా, నీ డ్యూ లిస్ట్, టీకా వేయాల్సినవాళ్ల పేర్ల జాబితా, పట్టుకురా. ఎవరింటికి ఎలా వెళ్లాలో కూర్చుని చూద్దాం.

నీ పెద్దమ్మ